మైనస్ 165 మిల్లీమీటర్ల వాన

ఫైల్ రాసే కోడ్ ఎర్రర్ కొట్టి ఆగిపోతే నాకు సంతోషమే. ఎక్కడ ఆగిందో లైన్ నంబర్ అదే చెబుతుంది, మిగతాది కాస్త ఓపిక. కొంప ముంచేది రెండో రకం. ప్రోగ్రామ్ చక్కగా చివరిదాకా నడుస్తుంది, ఫైల్ తయారవుతుంది, సైజు కూడా దాదాపు అనుకున్నంతే ఉంటుంది, తెరిస్తే తెరుచుకుంటుంది, మ్యాప్ గీస్తే మ్యాప్ వస్తుంది, కానీ లోపలున్న అంకెలు మాత్రం మనం రాయమన్నవి కావు. ఈమధ్య మా ఆఫీసులో అలాంటిదే ఒకటి తగిలింది. వాన డేటా అనే కాదు, ఏ సైన్స్ డేటానైనా అర్రేలుగా, అంటే అంకెల పట్టికలుగా పెట్టుకుని, నెట్‌సీడీఎఫ్ అనే రకం ఫైళ్లలోకి రాసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడేవాళ్లే కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా.

మాది చెన్నైలో, తరమణి దగ్గర చిన్న ఆఫీసు. వాన లెక్కలు తీసుకుని ఏ వీధిలో ఎంత నీళ్లు నిలుస్తాయో అంచనా కట్టే పని. స్టేషన్ల వారీగా రోజువారీ వాన, ఏడాదికి ఒక ఫైల్ చొప్పున, ఎప్పటి నుంచో పోగుపడి ఉంది. పాతవి ఒకరు తయారుచేశారు, తర్వాతవి ఇంకొకరు, ఇద్దరూ ఇప్పుడు ఇక్కడ లేరు. వాటన్నిటినీ కలిపి ఒకే ఫైల్ చేసే పని మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి పడింది. సూళ్లూరుపేట నుంచి రోజూ రైల్లో వస్తుంది, నాదీ నెల్లూరు వైపే అని తెలిసినప్పటి నుంచి సార్ పోయి అన్నా వచ్చింది.

ఫైళ్లు కలిపింది, గ్రాఫ్ గీసింది, 2015 డిసెంబర్ దగ్గర ఆగింది. "ఏందన్నా ఇది, డిసెంబర్ 2న తాంబరానికి డేటానే లేదు. చెంబరంబాక్కానికీ లేదు. నుంగంబాక్కానికి మాత్రం ఉంది. గేజిలు మునిగిపోయి ఉంటాయా?"

ఆ ఊహను తీసిపారేయలేం. వరదొచ్చినప్పుడు గేజిలు, అంటే వాన కొలిచే పరికరాలు, కొట్టుకుపోవడం, కరెంటు లేక రికార్డులు ఆగిపోవడం జరిగేదే. కానీ ఆ వరద రోజుల్లో చెన్నైలో ఉన్నవాళ్లకు ఆ అంకెలు నోటికి వచ్చు. డిసెంబర్ 2 పొద్దున 8:30తో ముగిసిన 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్లు, చెంబరంబాక్కంలో 47, నుంగంబాక్కంలో 29. పేపర్లన్నీ రాశాయి. అంటే రికార్డు ఉంది, మన ఫైల్‌లోనే లేదు. పైగా ఏది పోయిందో చూడండి: పెద్దవి రెండూ పోయాయి, చిన్నది మిగిలింది. గేజి మునగడానికి అంత లెక్క ఉండదు.

(తేదీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మన వాతావరణ శాఖకు రోజు అంటే పొద్దున 8:30 నుంచి మర్నాడు పొద్దున 8:30 దాకా, ఆ మొత్తం ముగిసిన తేదీ కిందకి వెళ్తుంది. డిసెంబర్ 1 రాత్రి కురిసిన వాన 2వ తేదీ ఖాతాలో ఉంటుంది. శాటిలైట్ డేటా పక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని వాదనలు జరిగాయో.)

ఇలాంటివి వెతకడానికి నా పద్ధతి ఒకటే. డేటా ప్రయాణించే దారిలో అక్కడక్కడా ఆపి అదే గడిని ప్రింట్ చేయడం. తాంబరం, 2015 డిసెంబర్ 2, అంతే, ఇంకేమీ చూడను. ఏడాది ఫైల్‌ను విడిగా తెరిస్తే 490.0 మిల్లీమీటర్లు. సరే. ఫైళ్లన్నీ ఎక్స్‌అర్రే అనే పైథాన్ లైబ్రరీతో కలిపాక, ఇంకా మెమరీలో ఉన్నప్పుడు చూస్తే 490.0. ఇదీ సరే. దాన్ని కొత్త ఫైల్‌కు రాసి, మళ్లీ తెరిచి చూస్తే మైనస్ 165.36.

గ్రాఫ్‌లో ఖాళీ ఎందుకొచ్చిందో అక్కడే తేలిపోయింది. వాతావరణ శాఖ గ్రిడ్ ఫైళ్లలో (దేశాన్ని గళ్లుగా విడగొట్టి వాన రాసేవి) డేటా లేనిచోట మైనస్ 999 ఉంటుంది కాబట్టి, సున్నా కన్నా తక్కువ ఏది కనిపించినా అవతల పారేయడం మా స్క్రిప్టులన్నిటికీ అలవాటు. మైనస్ 165.36ని కూడా అలాగే పారేసింది. ఎక్కడా ఒక్క హెచ్చరిక లేదు.

ఆ అమ్మాయి ఆ అంకెను కాసేపు చూసి, కాలిక్యులేటర్‌లో 490కి 165.36 కలిపింది. 655.36 వచ్చింది. చెప్పాల్సిన పనే లేకపోయింది, తనే నవ్వింది. 16 బిట్లలో పట్టే విలువలు మొత్తం 65,536. దశాంశ చుక్క రెండు స్థానాలు జరిగిందంతే.

జరిగింది ఇదీ. వాన అంకెలను దశాంశాలతో సహా దాచాలంటే ఒక్కోదానికి 4 బైట్లు కావాలి. డిస్క్ ఖరీదుగా ఉన్న రోజుల్లో సగానికి సగం ఆదా చేయడానికి ఒక ఉపాయం వాడేవాళ్లు, ఇప్పటికీ వాడుతున్నారు. అంకెను స్కేల్ ఫ్యాక్టర్ అనే చిన్న సంఖ్యతో భాగించి, 2 బైట్ల పూర్ణాంకంగా, అంటే ఇంట్16గా రాయడం. చదివేటప్పుడు మళ్లీ గుణించడం. స్కేల్ 0.01 అయితే 12.34 మిల్లీమీటర్లు ఫైల్‌లో 1234గా ఉంటుంది. బాగానే ఉంది కానీ ఆ 65,536లో సగం మైనస్ అంకెలకు పోగా ఇంట్16లో పట్టే అతి పెద్ద అంకె 32,767. అంటే 327.67 మిల్లీమీటర్లు దాటిన వానకు ఆ ఫైల్‌లో చోటు లేదు. 490ని 0.01తో భాగిస్తే 49,000, అది పట్టదు, చుట్టు తిరిగి అటువైపు నుంచి మైనస్ 16,536గా తేలుతుంది. చెంబరంబాక్కం 470 అలాగే మైనస్ 185.36 అయింది. నుంగంబాక్కం 290 గీతకు లోపలే ఉంది కాబట్టి బతికిపోయింది.

మామూలు రోజుల్లో 327 మిల్లీమీటర్లు అంటే ఆకాశమంత. ఏళ్ల తరబడి ఏ స్టేషన్‌లోనూ ఆ గీత దాటదు, టెస్టులన్నీ పాసవుతాయి, సగటులు సరిగ్గా వస్తాయి. దాటే రోజు ఏది? ఊరు మునిగిన రోజు. వరద లెక్కలు కట్టేవాడికి ముప్పై ఏళ్ల డేటాలో నిజంగా కావాల్సింది ఆ నాలుగైదు రోజులే, ఈ బగ్ ఏరి ఏరి వాటినే మింగుతుంది. అందుకే దీనిమీద నాకు అంత కోపం.

అయితే మా స్క్రిప్ట్‌లో ఎక్కడా ఇంట్16 అని లేదు, స్కేల్ అనీ లేదు. మొత్తం వెతికాం. మరి ఎక్కడి నుంచి వచ్చింది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాంటి వ్యవహారం. ఎక్స్‌అర్రే ఒక నెట్‌సీడీఎఫ్ ఫైల్‌ను తెరిచినప్పుడు స్కేల్ ఫ్యాక్టర్‌తో గుణించి మనకు అసలు విలువలు ఇస్తుంది. ఆ స్కేల్ ఫ్యాక్టర్, డీటైప్ (అంకె రకం), ఫిల్ వాల్యూ (డేటా లేనిచోట పెట్టే అంకె) వగైరాలను మాత్రం పారేయదు, ఎన్‌కోడింగ్ అనే పక్క డిక్షనరీలో దాచిపెడుతుంది. డేటాసెట్‌ను ప్రింట్ చేస్తే ఆ డిక్షనరీ కనిపించదు. అట్రిబ్యూట్లలోనూ కనిపించదు. మనకు కనిపించేది ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అని మాత్రమే. తిరిగి ఫైల్‌కు రాసేటప్పుడు ఆ పాత ఎన్‌కోడింగ్‌ను తీసి, "వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే రాద్దాం" అని మళ్లీ ఇంట్16లోకి కుక్కుతుంది. ఒకే ఫైల్‌ను తెరిచి అదే డేటాను తిరిగి రాస్తే ఇది మంచి మర్యాదే, సైజు పెరగదు, అంకెలు మారవు. డాక్యుమెంటేషన్‌లో కూడా రాసే ఉంది, కాబట్టి లైబ్రరీని తిట్టలేం.

చిక్కు వచ్చేది చాలా ఫైళ్లు కలిపినప్పుడు. కలిపిన అర్రేకి మొదటి ఫైల్ ఎన్‌కోడింగే వస్తుంది. మా దగ్గర మొదటి ఏళ్ల ఫైళ్లు ఇంట్16, స్కేల్ 0.01. తర్వాత వచ్చినాయన ఫ్లోట్32లో, అంటే 4 బైట్ల దశాంశాలుగా రాశాడు, 2015 ఫైల్ ఆయనదే. విడివిడిగా అన్నీ కరెక్ట్. వరుసలో ముందున్న పాత ఫైల్ తన కొలతలను మిగతా అందరి మీదా రుద్దింది. ఈ తరహా తంటా ఈఆర్ఏ5 అనే ప్రపంచ వాతావరణ డేటా వాడేవాళ్లకు బాగా తెలుసు. పాత పద్ధతిలో దిగుమతి చేసిన నెట్‌సీడీఎఫ్ ఫైళ్లలో ఒక్కో ఫైల్‌కు ఒక్కో స్కేల్, ఒక్కో ఆఫ్‌సెట్ (గుణించాక కలిపే అంకె) ఉండేవి, ఆ ఫైల్‌లోని కనిష్ఠం గరిష్ఠం చూసి లెక్కగట్టినవి. జనవరి ఫైల్ కొలతతో మే నెల ఎండలు రాస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది, దీన్ని పట్టుకోవడం కష్టమయ్యేది కూడా దీనివల్లే. అర్రేని ఏదైనా సంఖ్యతో గుణిస్తే, లేదా ఇంకో అర్రేతో కలిపితే, కొత్త అర్రే పుడుతుంది, దానికి పాత ఎన్‌కోడింగ్ ఉండదు. అంటే సెంటీమీటర్లను మిల్లీమీటర్లలోకి మార్చే ఒక్క లైన్ మధ్యలో ఉంటే చాలు, బగ్ మాయం. ఆ లైన్ అనవసరం కదా అని ఎవరో పుణ్యాత్ముడు తీసేస్తే మళ్లీ ప్రత్యక్షం. ఏ సంబంధమూ లేని చోట మార్పు చేస్తే ఫైల్‌లో అంకెలు మారిపోతుంటాయి. ఇలాంటివి చూసే జనం కంప్యూటర్‌కు నిమ్మకాయలు కడతారు.

మైనస్ రావడం అసలు మన అదృష్టం. మైనస్ వాన ఉండదని ఎవరికైనా తెలుసు, చూస్తే పట్టుకుంటాం. 2005 జులై ముంబై వాన తీసుకోండి, శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు. 0.01 స్కేల్‌లో అది 94,400. దీంట్లోంచి 65,536 తీసేస్తే 28,864, అంటే ఫైల్‌లో 288.64 మిల్లీమీటర్లు. ఇది మైనస్ కాదు, అసంభవమూ కాదు. ముంబైలో జులై నెలలో 288 మిల్లీమీటర్లు అంటే ఎవరైనా "భారీ వర్షం" అని తలూపి ముందుకు పోతారు. సున్నా కన్నా తక్కువ ఉన్నవి ఏరేసే స్క్రిప్ట్ దీన్ని ముట్టుకోదు. దేశ చరిత్రలో మర్చిపోలేని వానల్లో ఒకటి అలా మూడోవంతుకు కుంచించుకుపోయి టేబుల్‌లో కూర్చుంటుంది.

డేటా లేని గడుల సంగతి కూడా ఇలాంటిదే. నమ్‌పై అనే పైథాన్ అర్రేల లైబ్రరీలో డేటా లేదు అనడానికి నాన్ వాడతాం, అది ఫ్లోట్లలో మాత్రమే ఉండే వస్తువు, పూర్ణాంకాల్లో దానికి స్థానం లేదు. ఫిల్ వాల్యూ ఇవ్వకుండా నేరుగా ఇంట్16లోకి మారిస్తే ఏమొస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు, మా మెషీన్లలో సున్నా వచ్చింది. అంటే "కొలవలేదు" అన్నది "వాన పడలేదు" అయిపోయింది. రెండింటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది, సగటు మీద నేరుగా దెబ్బ. నిజానికి ఫిల్ వాల్యూ లేదని ఎక్స్‌అర్రే హెచ్చరిస్తుంది, కొత్త నమ్‌పై కూడా ఈ మార్పిడి దగ్గర వార్నింగ్ ఇస్తుంది. కానీ మన స్క్రిప్టుల్లో పై నుంచి మూడో లైన్ ఏముంటుంది? వార్నింగ్‌లన్నీ ఇగ్నోర్ చేయమని. కోడ్ నడిపే నోట్‌బుక్ పేజీ ఎర్రగా కనిపిస్తే మేనేజర్‌కు బాగుండదని ఎవరో పెడతారు, ఆ లైన్ కాపీ పేస్టుల్లో తరతరాలకూ సంక్రమిస్తుంది. ఎవరి కోడ్ నా చేతికొచ్చినా ముందు తీసేసేది ఆ లైనే.

ఇక పరిష్కారం. రాసే ముందు డ్రాప్ ఎన్‌కోడింగ్ అనే మెథడ్‌తో పాతవన్నీ కడిగేయడం, తర్వాత ఫైల్ రాసే టు_నెట్‌సీడీఎఫ్‌కు మనకు కావాల్సింది మనమే చెప్పడం: డీటైప్ ఫ్లోట్32, జడ్‌లిబ్ (కంప్రెషన్ పద్ధతి) ఆన్, కంప్రెషన్ లెవెల్ 4, ఫిల్ వాల్యూ ఏంటో స్పష్టంగా. రెండే లైన్లు. ఫైల్ సైజు పెరిగిపోతుందేమో అని ఆ అమ్మాయి భయపడింది కానీ, నెట్‌సీడీఎఫ్ 4 లోపల హెచ్‌డీఎఫ్5 అనే ఫార్మాట్ ఉంటుంది, కంప్రెషన్ దానిలోనే ఉంది, పైగా వాన డేటాలో ఎక్కువ భాగం సున్నాలే కాబట్టి బాగా నలుగుతుంది. వాతావరణ శాఖ వాళ్ల పావు డిగ్రీ గ్రిడ్, 135 రేఖాంశాలు, 129 అక్షాంశాలు, ఏడాది మొత్తం ఫ్లోట్32లో కంప్రెషన్ లేకుండా పెట్టినా 2,54,25,900 బైట్లు. ఫోన్‌లో నాలుగైదు ఫొటోలంత. దాన్ని సగం చేయడానికి తాంబరం వానను పణంగా పెట్టడం నాకైతే అర్థం లేని పని. తప్పదు, ఇంట్16లోనే కావాలి అంటే స్కేల్ 0.1 పెట్టుకోండి. గేజిలు కొలిచేదే 0.1 మిల్లీమీటర్ దాకా, పైన 3,276.7 మిల్లీమీటర్ల వరకు చోటుంటుంది. ఒక్క రోజు వానలో ప్రపంచ రికార్డు 1966 జనవరిలో రీయూనియన్ దీవిలో పడిన 1,825 మిల్లీమీటర్లు, అది కూడా హాయిగా పడుతుంది.

ఫైల్‌లో నిజంగా ఏముందో చూడాలంటే ఎన్‌సీడంప్ అనే టూల్‌తో హెడర్ చూడండి, షార్ట్ అని కనిపిస్తే ఇంట్16 అని అర్థం, కింద స్కేల్ ఎంతో ఉంటుంది. ఎక్స్‌అర్రేలోనే చూడాలంటే మాస్క్ అండ్ స్కేల్ ఆప్షన్‌ను ఫాల్స్ చేసి తెరవండి, ముడి అంకెలు వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, రాసిన ఫైల్‌ను వెంటనే మూసి, మళ్లీ తెరిచి, మెమరీలో ఉన్నదానితో గడి గడికీ పోల్చే ఒక ఫంక్షన్ పెట్టుకోవడం. నాన్‌ల సంఖ్య కూడా పోల్చాలి. పెద్ద ఫైళ్లకు టైమ్ పడుతుంది అంటారు, పట్టనీ.

అరిచి చెప్పే బగ్గుల గురించి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే మెయిల్‌లో ఎక్కువగా అడిగేవి అవే. గ్రిడ్ బైనరీ ఫైల్‌ను రీషేప్ చేసేటప్పుడు, అంటే వరుస అంకెలను పట్టికగా పేర్చేటప్పుడు, 129, 135 తారుమారు చేస్తే దేశం అంతా ఏటవాలు చారలుగా వస్తుంది, ఒక్క చూపులో తెలిసిపోతుంది. డేటా దక్షిణం నుంచి మొదలవుతుంది కాబట్టి ఇమ్‌షో అనే బొమ్మ గీసే ఫంక్షన్‌తో నేరుగా గీస్తే కన్యాకుమారి పైన, కశ్మీర్ కింద. ఫైల్ సైజు 2,54,95,560 ఉంటే అది లీప్ సంవత్సరం, 365తో రీషేప్ కాదు. "ట్రంకేటెడ్ ఫైల్" అని హెచ్‌డీఎఫ్5 గోలపెడితే రాస్తుండగా మధ్యలో ప్రాసెస్ చచ్చిపోయిందనో, ఫైల్ మూయలేదనో అనుమానించండి. వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మార్చుకుంటే ఆ బాధ ఉండదు. ఏ ఫైల్ నుంచి చదువుతున్నారో అదే పేరుతో తిరిగి రాయకండి. ఎక్స్‌అర్రే అవసరమైనప్పుడే చదువుతుంది, మీరు ఓపెన్ అన్నప్పుడు కాదు, కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే. లాక్ చేయలేకపోయాం అని ఎర్రర్ వస్తే చాలాసార్లు పక్క ట్యాబ్‌లో మీ నోట్‌బుక్కే ఆ ఫైల్‌ను పట్టుకుని ఉంటుంది, కెర్నల్ (నోట్‌బుక్ వెనక నడిచే ప్రోగ్రామ్) ఆపి చూడండి, నెట్‌వర్క్ డిస్క్ అయితే మాత్రం కథ వేరు.

మళ్లీ మా ఫైల్ దగ్గరికి. పాత కలిపిన ఫైల్‌తో ఇప్పటికే కొన్ని రిపోర్టులు వెళ్లాయి, కొందరు కాపీలు కూడా తీసుకున్నారు. ఆ అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది: "అన్నా, మైనస్‌లో ఉన్న వాటికి 655.36 కలిపితే అసలు అంకె వచ్చేస్తుంది కదా, అన్నీ మళ్లీ తయారుచేయడం దేనికి?" లెక్క ప్రకారం నిజమే, మైనస్ 165.36 కచ్చితంగా 490 అవుతుంది. కానీ 655 దాటిన వానలు ప్లస్‌లోకి తిరిగొచ్చి మామూలు అంకెల్లో కలిసిపోయాయి, వాటిని ఎవరు ఏరతారు? మధ్యలో ఎవరో ఒకరు మైనస్‌లన్నీ తీసేసి సేవ్ చేసిన కాపీల్లో ఇక కలపడానికి ఏమీ మిగలదు. అందుకే ఏడాది ఫైళ్ల నుంచే మళ్లీ చేయమన్నా. చేసింది, పోల్చే ఫంక్షన్ కూడా తనే రాసింది, టెస్ట్ డేటాలో 0.1, 490, 944, ఒక నాన్ పెట్టింది. పాత ఫైల్ తీసుకున్న వాళ్లందరికీ మెయిల్ పంపాం. ఒకాయన జవాబిచ్చాడు, తన గ్రాఫ్ బాగానే ఉందనీ, డిసెంబర్ 2న తాంబరంలో డేటా లేదని ఫుట్‌నోట్ కూడా పెట్టాననీ. ఆయనకు ఇవాళ ఫోన్ చేయాలి.